చక్రాల నడుమ ఒక చూపు
వాహన తనిఖీ కెమెరా గురించి భక్తులు తెలుసుకోదగిన విషయాలు

క్రొత్త వాహనం కొన్నవారు దానిని మొదట దేవాలయానికి తీసుకువచ్చి వాహనపూజ చేయించుకోవడం మన తెలుగునాట సంప్రదాయం. ముందుభాగానికి పసుపు పూసి కుంకుమబొట్లు పెడతారు. పూలమాల వేస్తారు. గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచి వాహనాన్ని ముందుకు నడిపిస్తారు. ఇంత శ్రద్ధతో పూజించిన ఆ వాహనంలో యజమాని దాదాపు ఎన్నడూ చూడని భాగం ఒకటి ఉన్నది. అదే దాని అడుగుభాగం. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు మెకానిక్ చూస్తాడు తప్ప, ఆ వాహనాన్ని నిత్యం నడిపేవారు సైతం వంగి చూడడం అరుదు.

మన క్షేత్రానికి వచ్చే భక్తుల వాహనాలను తనిఖీ ద్వారం వద్ద ఆపి, ఆ అడుగుభాగాన్ని చిన్న కెమెరాతో పరిశీలిస్తున్న సంగతి ఇటీవల వచ్చినవారందరికీ తెలిసినదే. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన నేను ఆ ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకునిగా ఉంటున్నాను. తనిఖీ చేసేది భద్రతా సిబ్బందే. వాహనాలను వరుసలో నిలపడం, పరికరం బాగోగులు చూడడం నావంతు సేవ. అక్కడ భక్తులు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు. ఇది ఎందుకు? ఇది ఎలా పనిచేస్తుంది? మావంటివారికి కూడా అవసరమా? ఈ మూడింటికీ సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ తనిఖీ ఎందుకు?

వాహనాన్ని తనిఖీ చేయడమంటే అందులోని మనుషులను అనుమానించడమే అని చాలామంది భావిస్తారు. అడుగుభాగపు తనిఖీ విషయంలో ఈ భావన సరికాదు. వాహనం లోపల ఏమున్నదో యజమానికి తెలుస్తుంది. క్రింద ఏమున్నదో ఆయనకు తెలియకపోవచ్చు.

బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఏరీ నీవ్ 1979 మార్చి 30న లండన్‌లోని పార్లమెంటు భవనపు కారు పార్కింగు నుండి తన సొంత కారులో బయటకు వస్తున్నారు. కారు క్రింద ఎవరో అమర్చిన బాంబు పేలి ఆయన మరణించారు. నడుపుతున్నది తన వాహనమే, బయలుదేరినది అత్యంత భద్రత గల ఆవరణ నుండే. అయినా తన ఆసనం క్రింద ఏమున్నదో ఆయనకు తెలియలేదు.

మన దేశంలో 2012 ఫిబ్రవరి 13న న్యూఢిల్లీలో ఇజ్రాయెల్ దౌత్య కార్యాలయానికి చెందిన కారుకు, మోటారుసైకిలుపై వచ్చిన ఒక వ్యక్తి అయస్కాంతం గల పేలుడు సాధనాన్ని అతికించి వెళ్లిపోయాడు. కొద్ది క్షణాలలోనే అది పేలి కారులోని మహిళ గాయపడ్డారు. అటువంటి సాధనాన్ని బిగించడానికి మరలు, పనిముట్లు అక్కరలేదు. ఇనుపరేకుకు అయస్కాంతం తనంతట తానే పట్టుకుంటుంది. జమ్మూ ప్రాంతంలోని సాంబా జిల్లాలో 2021 ఫిబ్రవరిలో ఇటువంటి అయస్కాంత సాధనాలు పట్టుబడిన తరువాత, అమర్‌నాథ్ యాత్ర వాహనాల భద్రత విషయంలో అధికారులు మరింత అప్రమత్తులయ్యారు.

ఈ సంఘటనలు చెప్పే విషయం ఒక్కటే. రోడ్డు ప్రక్కన ఫలహారానికి ఆగినప్పుడో, రాత్రి సత్రం ముందు వాహనం నిలిపినప్పుడో యజమానికి తెలియకుండా దాని క్రింద ఏదైనా చేరవచ్చు. ఆ వాహనంలో ప్రయాణిస్తున్నది ఆయన కుటుంబమే. కనుక ఈ తనిఖీ మొదట రక్షించేది వాహనంలో కూర్చున్నవారిని. ఆ తరువాతనే క్షేత్రాన్ని, క్యూలో నిలుచున్న వేలాది భక్తులను.

అద్దం నుండి కెమెరా దాకా

పొడవైన కర్ర చివర, చిన్న చక్రాలపై అమర్చిన గుండ్రని అద్దాన్ని వాహనం క్రిందికి త్రోసి చూడడం మనకు సుపరిచితమైన పద్ధతి. హోటళ్ల ద్వారాల వద్ద, ప్రభుత్వ కార్యాలయాల వద్ద నేటికీ దానిని చూస్తున్నాము. సాధారణంగా ఆ అద్దం కుంభాకార దర్పణం, అనగా మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది. అటువంటి దర్పణంలో ఎక్కువ ప్రదేశం కనిపిస్తుంది. కాని ప్రతి వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది.

ఈ పద్ధతికి విద్యుత్తు అక్కరలేదు, ఖర్చు స్వల్పం, చెడిపోయేది ఏమీ లేదు. అందుకే అది ఇన్ని దశాబ్దాలు నిలిచింది. అయితే దాని పరిమితులూ ఉన్నాయి. అద్దం వాహనం అంచు నుండి కొంతదూరమే చేరుతుంది. మధ్యభాగం ఏటవాలుగా మాత్రమే కనిపిస్తుంది. రాత్రివేళ టార్చిలైటు కాంతి అద్దంపై పడి కళ్లకు కొడుతుంది. రోజంతా వంగి చూసేవారి నడుము, మెడ అలసిపోతాయి. అలసిన కన్ను మొదటి వాహనాన్ని చూసినట్లు మూడువందలవ వాహనాన్ని చూడలేదు. పైగా అద్దంలో కనిపించినది ఆ క్షణానికే పరిమితం. అనుమానం కలిగితే మరొకరిని పిలిచి అదే దృశ్యాన్ని చూపించే అవకాశం లేదు.

కెమెరా ఈ లోపాలలో చాలావాటిని తీరుస్తుంది. దృశ్యాన్ని నిలిపి ఉంచవచ్చు, పెద్దది చేసి చూడవచ్చు, పై అధికారికి చూపించవచ్చు, భద్రపరచవచ్చు. చూసేవారు నిటారుగా నిలబడి చూడవచ్చు.

మూడు విధాల పరికరాలు

నేలలో గుంత తవ్వి శాశ్వతంగా అమర్చే వ్యవస్థలు కొన్ని పెద్ద ప్రాంగణాల వద్ద ఉన్నాయి. ఉత్సవాల రోజులలో ద్వారాలు మారుతుండే క్షేత్రాలకు, ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకువెళ్లగల పరికరాలే అనుకూలం. ఇవి ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది చేతికర్ర కెమెరా. పొడిగించగల కర్ర చివర చిన్న కెమెరా, దాని చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. పిడి వద్ద చిన్న తెర ఉంటుంది. సిబ్బంది వాహనం చుట్టూ నడుస్తూ తెరను చూస్తారు. అనుమానం కలిగిన చోట కెమెరాను ఆపి, కోణం మార్చి చూడగలగడం దీని ప్రత్యేకత.

రెండవది చక్రాల బండి కెమెరా. చెప్పులపెట్టె అంత ఎత్తు కూడా లేని ఈ చిన్న బండి వాహనం క్రిందికి తానే నడుచుకుంటూ వెళుతుంది. దానిని నడిపేవారు కొంత దూరాన నిలబడి తెరపై చూస్తారు. అనుమానాస్పదంగా నిలిపి ఉంచిన వాహనం దగ్గరకు మనిషి వెళ్లనక్కరలేకపోవడం దీని గొప్ప మేలు.

మూడవది పరచే వేదిక. రోడ్డుపై వేగనిరోధకం వలె కనిపించే ఈ వేదికపై నుండి వాహనం నెమ్మదిగా దాటుతుంది. వేదికలోని కెమెరాలు ఆకాశం వైపు చూస్తూ అడుగుభాగమంతటినీ చిత్రిస్తాయి. పని ముగిశాక భాగాలుగా విడదీసి పెట్టెలలో సర్దవచ్చు.

ఈ వేదికను రూపొందించడంలో ఒక చిక్కు ఉన్నది. సాధారణ కారుకూ నేలకూ మధ్య ఖాళీ 17 నుండి 20 సెంటీమీటర్లు మాత్రమే. కెమెరా గాజు నుండి కారు అడుగుకు 15 సెంటీమీటర్ల దూరం ఉన్నదనుకుందాం. కారు వెడల్పు 170 సెంటీమీటర్లు. అంత దగ్గరనుండి అంత వెడల్పు ఒకేసారి కనిపించాలంటే కెమెరా చూపు సుమారు 160 డిగ్రీల కోణం వరకు విస్తరించాలి. ముఖాన్ని గోడకు ఆనించి గోడ మొత్తాన్ని చూడాలనుకోవడం వంటిదే ఇది. అంత విశాలకోణ కటకంతో తీస్తే అంచులు వంగి కనిపిస్తాయి. అందుకే అనేక పరికరాలలో రెండు మూడు కెమెరాలను ప్రక్కప్రక్కన అమర్చి, వాటి చిత్రాలను కంప్యూటరు ద్వారా అతికించి ఒకటిగా చూపుతారు.

మరికొన్ని వేదికలలో గీత కెమెరాలు ఉంటాయి. జిరాక్సు యంత్రంలో వెలుగు గీత కాగితం పొడవునా సాగి ఒక్కొక్క వరుసను చదవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ గీత కదలదు, వాహనమే దానిపై నుండి సాగుతుంది. ఒక్కొక్క గీతకు ఒక మిల్లీమీటరు చొప్పున లెక్కిస్తే, 4 మీటర్ల కారుకు 4,000 గీతలు కావాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అనగా మనిషి నడక వేగంతో, కారు దాటితే ఈ పని సుమారు 3 సెకన్లలో పూర్తవుతుంది. వాహనం మధ్యలో ఆగితే ఒకే భాగం పదేపదే నమోదై చిత్రం సాగిపోతుంది. వేగం పెరిగితే కుదించుకుపోతుంది. వేగాన్ని గుర్తించి సరిచేసే ఏర్పాటు ఉన్నప్పటికీ, ఒకే వేగంతో దాటిన వాహనం చిత్రమే స్పష్టంగా వస్తుంది. “ఆపవద్దు స్వామీ, నెమ్మదిగా ఒకే తీరున పోనివ్వండి” అని సిబ్బంది చెప్పడంలోని అంతరార్థం ఇదే.

తెరపై చూసేది ఏమిటి?

కెమెరా చూపుతుంది. గుర్తించేది మనిషే. సైలెన్సరు, ఇంధన ట్యాంకు, ఇరుసు, కమానుపట్టీలు, స్టెప్నీ మొదలైనవి ఏ వాహనంలో ఎక్కడ ఉంటాయో సిబ్బందికి అభ్యాసం వలన తెలుస్తుంది. వారు వెదికేది ఆ అమరికలో ఇమడని వస్తువును. అడుగంతా దుమ్ము పట్టి ఉండగా ఒక్కచోట శుభ్రంగా ఉంటే అక్కడ చూపు ఆగుతుంది. పాత ఇనుము నడుమ క్రొత్త వెల్డింగు, తాజా రంగు, మెరిసే టేపు, దారితెన్నూ లేని తీగ కనిపిస్తే మళ్లీ చూస్తారు. కుడివైపు లేనిది ఎడమవైపు ఎందుకు ఉన్నదని ఆలోచిస్తారు.

కొన్ని పరికరాలు నంబరు ప్లేటును చదివి, అదే వాహనం గతంలో వచ్చినప్పటి చిత్రంతో నేటి చిత్రాన్ని పోల్చి, తేడా ఉన్నచోటిని గుర్తుపెట్టి చూపుతాయి. తేడా అంటే ప్రమాదమని అర్థం కాదు. క్రొత్త సైలెన్సరు వేయించినా తేడాయే, బురద అంటినా తేడాయే. ఆ తేడా అర్థమేమిటో నిర్ణయించవలసినది మళ్లీ మనిషే.

ఈ పనిలో అనుకోని మేలు కూడా ఒకటి కలుగుతున్నది. బ్రేకు నూనె కారడం, సైలెన్సరు పట్టీ తెగి వ్రేలాడడం వంటివి తెరపై కనిపించి, సిబ్బంది యజమానికి చెప్పిన సందర్భాలను నేను చూశాను. ఘాట్ రోడ్డు ప్రయాణానికి ముందు అటువంటి మాట వినడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇది మెకానిక్ చేసే పరీక్ష కాదు. ఇక్కడ ఏమీ చెప్పలేదు కనుక వాహనం బాగున్నదని భావించరాదు.

కెమెరాకు కనిపించనివి

ఏ పరికరాన్నైనా దాని హద్దులతో సహా తెలుసుకోవాలి. కెమెరా ఉపరితలాన్నే చూస్తుంది. మూసిన పెట్టె లోపల, ఇంధన ట్యాంకు లోపల, చాసిస్ గొట్టాల లోపల ఏమున్నదో చూపదు. పేలుడు పదార్థాల వాసనను పసిగట్టదు. అది శిక్షణ పొందిన జాగిలాల పని, రసాయన పరీక్షా పరికరాల పని. వర్షాకాలంలో అడుగున పేరుకున్న బురద వస్తువులను కప్పివేస్తుంది. తడి రోడ్డుపై నుండి దీపకాంతి తిరిగి మెరుస్తుంది. బస్సుల అడుగున ఉండే సామాను గదులను ఎలాగూ తెరిచి చూడవలసిందే. కనుకనే కెమెరా వచ్చినంత మాత్రాన మిగిలిన తనిఖీలు తొలగిపోలేదు.

అందరికీ ఒకే నియమం

ఇక మూడవ ప్రశ్న. “మేము ఇరవై ఏళ్లుగా వస్తున్న దాతలము. మా బండి కూడా చూడాలా?” అని ఒక పెద్దమనిషి ద్వారం వద్ద నన్ను అడిగారు. ఆయన స్వరంలో కోపం లేదు, కొంత బాధ ఉన్నది. ఆ బాధ నాకు అర్థమైంది. అన్నదానానికి, గోశాలకు ఎన్నో ఏళ్లుగా తన సంపాదనలో భాగం సమర్పిస్తున్నవారిని ద్వారం వద్ద ఆపడం కష్టంగానే తోస్తుంది.

ఆయనకు నేను 2001 డిసెంబరు 13 నాటి సంగతి గుర్తుచేశాను. ఆనాడు మన పార్లమెంటుపై దాడి చేసినవారు తెల్లని అంబాసిడరు కారులో వచ్చారు. దానికి హోంమంత్రిత్వశాఖ స్టిక్కరు అంటించి ఉన్నది. ఆ గుర్తే వారికి దారి ఇచ్చింది. ఆ దాడిలో ప్రాణాలు కోల్పోయినవారిలో భద్రతా సిబ్బందితో పాటు ఒక తోటమాలి కూడా ఉన్నారు. గౌరవసూచకమైన స్టిక్కరుకు మినహాయింపు ఉన్నదని తెలిస్తే, కీడు తలపెట్టినవారు మొదట సంపాదించేది ఆ స్టిక్కరునే. తనిఖీ జరగదని తెలిసిన వాహనమే వారికి అత్యంత అనుకూలమైన వాహనం. అంటే మినహాయింపు పొందిన దాతయే అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

ఆ పెద్దమనిషి కొంతసేపు ఆలోచించి, “అయితే కానివ్వండి, బాగా చూడండి” అని కారు దిగారు. వారి శ్రీమతిగారు తెర వద్దకు వచ్చి తమ కారు అడుగును ఆసక్తిగా చూసి, “ఇన్నాళ్లూ మనం దీనిమీద కూర్చుని తిరుగుతున్నామా?” అని నవ్వారు. సర్వదర్శనానికి వచ్చిన ఆటో అయినా, ధర్మకర్తల మండలి సభ్యుల కారు అయినా ఒకే వరుసలో నిలిచినప్పుడే ఈ తనిఖీకి విలువ. స్వామి సన్నిధిలో అందరూ సమానులే అనే మాట ఆచరణలోకి రావలసిన మొదటి చోటు బహుశా ఈ ద్వారమే.

భక్తులకు మనవి

ప్రయాణానికి ముందు వాహనాన్ని కడిగించేటప్పుడు అడుగుభాగాన్ని కూడా నీటితో కడిగించండి. శుభ్రమైన అడుగును పరిశీలించడానికి తక్కువ సమయం చాలు.

దిష్టి కోసం కట్టే నల్లగుడ్డ మూటలు, నిమ్మకాయలు, మిరపకాయలు ముందుభాగాన అందరికీ కనిపించేటట్లు కట్టండి. వాహనం క్రింద కట్టిన మూట ఏమిటో కెమెరా చెప్పలేదు. దానిని విప్పి చూసేదాకా మీ వెనుక వరుస అంతా నిలిచిపోతుంది.

సీఎన్‌జీ అమరిక, అదనపు పనిముట్ల పెట్టె, నీళ్ల ట్యాంకు వంటివి తరువాత బిగించి ఉంటే సిబ్బంది అడగకముందే చెప్పండి. అద్దె వాహనమైతే డ్రైవరును ముందుగా అడిగి తెలుసుకోండి.

దారిలో ఎక్కువసేపు ఆగి బయలుదేరేటప్పుడు ఒక్కసారి వాహనం చుట్టూ తిరిగి, వంగి చూడండి. ముందు లేని వస్తువేదైనా కనిపిస్తే తాకవద్దు. అందరినీ దూరంగా తీసుకువెళ్లి 112 నంబరుకు ఫోను చేయండి.

తనిఖీ సమయంలో సిబ్బంది వాహనం దిగి దూరంగా వెళ్లమని చెబితే కారణం అడుగుతూ నిలబడవద్దు. సంచులు, చెప్పులు, సెల్‌ఫోను కోసం వెనుకకు తిరగవద్దు. వృద్ధులను, పిల్లలను తీసుకుని వెంటనే వెళ్లండి. అనుమానాస్పదమైన వస్తువును పరీక్షించి తొలగించేది బాంబు నిర్వీర్య దళం మాత్రమే. అంతవరకు అందరం చేయగలిగినది దూరంగా ఉండడమే.

దాతలకు ఒక మాట

ఇటువంటి పరికరాన్ని సమర్పించాలని కొందరు దాతలు అడుగుతున్నారు. వారి సంకల్పం శ్లాఘనీయం. అయితే పరికరం కొనడం ఒక్కనాటి ఖర్చు, దానిని నడపడం ప్రతిదినపు ఖర్చు. లిథియం బ్యాటరీలు కాలక్రమంలో శక్తి కోల్పోతాయి, ఎండ వేడికి మరింత త్వరగా కోల్పోతాయి. కెమెరాపై గాజు ఇసుకకు గీతలు పడుతుంది. కేబుళ్లు, చక్రాలు అరుగుతాయి. దుమ్ము చొరబడకుండా, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడిపోకుండా ఉండే ఐపీ 67 స్థాయి పరికరమైనా, దాని రబ్బరు పట్టీ ఒకటి చిరిగితే ఆ రక్షణ పోతుంది. బ్యాటరీ లేక అలమరలో ఉన్న ఖరీదైన కెమెరా కంటే, ద్వారం వద్ద పనిచేస్తున్న మామూలు అద్దం మేలు.

కనుక పరికరం సమర్పించదలచినవారు దానితోపాటు కొన్నేళ్ల నిర్వహణకు, అదనపు బ్యాటరీలకు, సిబ్బంది శిక్షణకు కూడా ఏర్పాటు చేస్తే దానం సంపూర్ణమవుతుంది. తెరను చూసేవారికి నీడనిచ్చే పందిరి, గంటకొకసారి మనుషులను మార్చే వీలు, కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా ఆ పరికరంలో భాగమే అని నా అభిప్రాయం. శిలాఫలకంపై పేరు రాసేందుకు వీలులేని చిన్న ఖర్చులివి. కాని కెమెరా వెనుక ఉన్న కన్ను అలసిపోకుండా కాపాడేవి ఇవే.

ఈసారి మీ వాహనాన్ని ఆపినప్పుడు ఆ రెండు నిమిషాలు ఓపిక వహించండి. వీలైతే దిగివచ్చి తెరపై మీ వాహనం అడుగును మీరూ చూడండి. చూపించడానికి సిబ్బంది సంతోషిస్తారు. స్వామి దర్శనం చేసుకుని అందరూ క్షేమంగా ఇళ్లకు చేరాలని మా ప్రార్థన.